పాత కౌబాయ్ బెల్టు బకిల్‌ను గుర్తించడం, విలువ కట్టడం ఎలా

నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి ప్రాంతాల ఇళ్లలోకి పెద్ద పెద్ద బెల్టు బకిల్లు రెండు దారుల్లో వచ్చి చేరాయి. టెక్సాస్‌లోనో అరిజోనాలోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు అక్కడి పాత వస్తువుల దుకాణాల్లో కొని, సెలవులకు వచ్చినప్పుడు నాన్నకో మేనమామకో కానుకగా తెచ్చినవి ఒక రకం. 1970 దశకంలో తెలుగు తెర మీద కౌబాయ్ వేషం కనిపించి, బెల్‌బాటం ప్యాంట్ల మీద వెడల్పాటి బెల్టులు పెట్టుకున్న రోజుల్లో మన దగ్గరే కొన్నవి రెండో రకం. ఈ రెండూ ఒకే డబ్బాలో కలిసిపోయి, ఏది వెండో ఏది ఇత్తడో, ఏది చేతిపనో ఏది యంత్రపు అచ్చో చెప్పేవారు లేక, చివరకు పాత సామాన్ల బండికో తూకం లెక్కన కొనే దుకాణానికో పోతున్నాయి. అలా పోతున్న వాటిలో ఒక మంచి పనివాడు చేత్తో చెక్కిన వెండి బకిల్ ఉంటే అది తిరిగి రాని నష్టం. అందుకే ఇంట్లో ఉన్న సాధనాలతో, ఊళ్లో ఉన్న కంసాలి సాయంతో ఎవరైనా చేయగలిగిన పరీక్షలను వరుసగా వివరిస్తున్నాను.

బకిల్ చేతికి రాగానే అందరి కన్నూ ముందువైపు బొమ్మ మీదికి పోతుంది. గుర్రం, ఎద్దు, డేగ, కౌబాయ్ టోపీ, కంపెనీ పేరు, ఏదో ఒక సంవత్సరం అక్కడ ఉంటాయి. కొనేవారిని ఆకట్టుకోవడానికి చేసిన వైపు అదే కాబట్టి, మోసం చేయదలచుకున్నవారు శ్రమపడేదీ అక్కడే. వెనుకవైపును మాత్రం తయారీదారు తన అవసరం కోసం వదిలేస్తాడు. అచ్చు ఎలా పోశారో, కొక్కేన్ని ఎలా అతికించారో, ఏ లోహం వాడారో, ఎవరు చేశారో అన్నీ అక్కడే తెలుస్తాయి. కనుక బకిల్‌ను మొదట బోర్లించి, పగటి వెలుతురులో, పది రెట్లు పెద్దదిగా చూపే కంటద్దంతో చూడాలి. గడియారాలు బాగుచేసేవారి దగ్గర, కంసాలుల దగ్గర ఆ అద్దం ఉంటుంది. కొనుక్కున్నా పెద్ద ఖర్చు కాదు.

వెనుకవైపు ఏం చూడాలి

కౌబాయ్ బకిల్ వెనుక సాధారణంగా రెండు భాగాలు ఉంటాయి. ఒక అంచున బెల్టు తోలును మడిచి బిగించే కడ్డీ లేదా కమాను, రెండో అంచున బెల్టు రంధ్రంలో దూరే కొక్కెం. పలక, కొక్కెం, కడ్డీ అన్నీ ఒకే లోహపు ముద్దగా, అతుకు గీత లేకుండా కనిపిస్తే అది ఒకే అచ్చులో పోత పోసిన వస్తువు. 1970, 80 దశకాల ఇత్తడి బకిల్లలో చాలావరకు ఇలాంటివే, లేదా పోత పలకకు కొక్కెం, కడ్డీ తరువాత బిగించినవే. పలక మీద విడిగా చేసిన కొక్కెం, కడ్డీని టంకంతో అతికించి ఉంటే ఆ టంకం చుట్టూ ఉన్న పనితనాన్ని చూడాలి. వెండి టంకం సన్నగా, శుభ్రంగా పారి, అతుకు దగ్గర చిన్న వంపుగా నిలుస్తుంది. బూడిద రంగులో ముద్దగా పేరుకున్నది సీసం కలిసిన చౌక టంకం. జిగురుతో అంటించిన కొక్కెం ఉంటే ఆ వస్తువు పాతది కాకపోవచ్చు, లేదా ఎవరో తరువాత మరమ్మతు చేసి ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ విలువ తగ్గుతుంది.

పలక తయారైన పద్ధతిని గుర్తించడం ఇంకా ముఖ్యం. పోత పోసిన దానిలో వెనుక భాగం గరుకుగా, అక్కడక్కడా సూదిమొన పాటి గుంటలతో ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త మొద్దుబారి కనిపిస్తాయి. ఉక్కు అచ్చుతో పలుచటి రేకు మీద అదిమిన దానిలో గుంటలు ఉండవు, అంచులు పదునుగా ఉంటాయి, ముందువైపు ఉబ్బెత్తు వెనుకవైపు పల్లంగా కనిపిస్తుంది. ఆమ్లంతో తినిపించి చేసిన బొమ్మలో పల్లమంతా ఒకే లోతులో, సన్నని ఇసుక పరిచినట్టు ఉంటుంది. చేత్తో ఉలిపెట్టి చెక్కిన గీత వీటన్నిటికీ భిన్నం. అది ఒకచోట సన్నగా మొదలై మధ్యలో వెడల్పై మళ్లీ సన్నబడుతుంది, దాని లోపలి గోడలు అద్దంలా మెరుస్తాయి, ఒకే ఆకును రెండుసార్లు చెక్కినా ఆ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. జనగామ దగ్గరి పెంబర్తిలో రేకును లక్క మీద పరిచి ఉలి, సుత్తితో నగిషీ తీసే పనిని దగ్గరగా చూసినవారికి ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది. అలాంటి చేతిపని ఉన్న బకిల్ ఏ దేశానిదైనా, ఏ లోహానిదైనా పక్కన పెట్టి మరింత జాగ్రత్తగా పరిశీలించవలసినదే.

ఇక ముద్రలు. వెనుక ఉన్న ప్రతి అక్షరాన్నీ, ప్రతి అంకెనూ కాగితం మీద రాసుకోవాలి. ‘స్టెర్లింగ్’ అని ఉంటే ఆ భాగంలో వెయ్యికి 925 పాళ్లు వెండి ఉందని అర్థం. ‘925’ అన్నా అదే. అమెరికా పాత వస్తువుల మీద స్టెర్లింగ్ అన్న మాట ఎక్కువగా కనిపిస్తుంది. ‘నికెల్ సిల్వర్’, ‘జర్మన్ సిల్వర్’, ‘అల్పాకా’ అని ఉంటే మాత్రం అందులో వెండి రవ్వంత కూడా ఉండదు. అవన్నీ రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రమానికి పేర్లు. మన దగ్గర పూజ సామగ్రిగా, పెళ్లిళ్లలో కానుకలుగా ఇచ్చే జర్మన్ సిల్వర్ పళ్లేలు కూడా ఈ కోవలోవే. కొన్ని బకిల్ల మీద వెండి పలకకు అంచున బంగారు రంగు తాడు అల్లిక, బంగారు రంగు అక్షరాలు ఉంటాయి. దాని పక్కన ‘1/10 10కె’ లాంటి గుర్తు ఉంటే, ఆ బంగారు భాగం బరువులో పదో వంతు మాత్రమే పది కారట్ల బంగారమని, మిగిలినది కింద ఉన్న మామూలు లోహమని లెక్క. మనవాళ్లు రోల్డ్ గోల్డ్ అనేది ఇదే. ఏ గుర్తూ లేని బంగారు రంగు చాలావరకు ఇత్తడి జాతి లోహమే.

మెక్సికో వెండి బకిల్లు కూడా అమెరికా సంతల్లో విరివిగా దొరుకుతాయి. వాటి మీద చిన్న డేగ ముద్ర, దానిలో ఒక అంకె ఉంటే అది 1948 నుంచి 1970ల చివరి వరకు నడిచిన పద్ధతి. రెండు అక్షరాలు, ఒక గీత, ఒక సంఖ్య ఉంటే అది ఆ తరువాతి కాలానిది. ఇంత చిన్న గుర్తు వస్తువు వయసును ఇరవై ముప్పై ఏళ్లు అటో ఇటో జరపగలదు కాబట్టి వెనుకవైపును రుద్ది శుభ్రం చేయాలన్న తొందర వద్దు.

లోహాన్ని ఇంట్లోనే పరీక్షించడం

ముద్ర లేని బకిల్‌కు, ముద్ర మీద అనుమానం ఉన్న బకిల్‌కు సాంద్రత పరీక్ష చేయాలి. ఇది వస్తువుకు గీత పడనివ్వదు, ఆమ్లం అవసరం లేదు, తప్పుగా చెప్పే అవకాశం తక్కువ. ఇన్ని పరీక్షల్లో నేను దీనికే మొదటి స్థానం ఇస్తాను. కావలసినవి పదో వంతు గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ త్రాసు, ఒక గిన్నె నీళ్లు, సన్నటి దారం. ముందుగా బకిల్‌ను పొడిగా తూచి బరువు రాసుకోవాలి. తరువాత నీళ్ల గిన్నెను త్రాసు మీద పెట్టి, అంకెను సున్నాకు తేవాలి. బకిల్‌ను దారంతో కట్టి, చేత్తో పట్టుకుని, అడుగును గానీ గోడలను గానీ తాకకుండా పూర్తిగా నీటిలో మునిగేలా వేలాడదీయాలి. దానికి అంటుకున్న గాలి బుడగలను వేలితో తట్టి పోగొట్టాలి. ఇప్పుడు త్రాసు చూపే అంకె బకిల్ పక్కకు నెట్టిన నీటి బరువు. మొదటి బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది.

ఉదాహరణకు 72 గ్రాముల బకిల్ నీటిలో 7 గ్రాములు చూపిందనుకుందాం. భాగిస్తే సుమారు 10.3 వస్తుంది. స్టెర్లింగ్ వెండికి ఉండే సాంద్రత అదే. అదే బరువున్న బకిల్ 8.4 గ్రాములు చూపితే జవాబు 8.6 దగ్గర నిలుస్తుంది. అది ఇత్తడో జర్మన్ సిల్వరో అవుతుంది, ఆ రెండింటిలో ఏదన్నది రంగే చెబుతుంది. 10.8 గ్రాములు చూపితే సాంద్రత 6.7 మాత్రమే, అంటే అది జింకు మిశ్రమంతో పోసి పైన పూత వేసిన చౌక వస్తువు. తగరం ప్రధానంగా ఉండే ప్యూటర్‌కు 7.3 ప్రాంతంలో వస్తుంది. అయస్కాంతం గట్టిగా పట్టుకుంటే లోపల ఇనుము ఉన్నట్టే, ఇక సాంద్రత దాకా పోనవసరం లేదు. అయితే అయస్కాంతం పట్టనంత మాత్రాన వెండి అనుకోకూడదు, ఎందుకంటే ఇత్తడిని, జింకును కూడా అది పట్టదు.

ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. బకిల్ అంతా ఒకే లోహంతో ఉన్నప్పుడే లెక్క సరిపోతుంది. రాళ్లు పొదిగినదైతే, వెనుక సీసం నింపినదైతే, వెండి పలక కింద మరో లోహపు పలక ఉన్నదైతే వచ్చే అంకెకు అర్థం ఉండదు. రాళ్లున్న బకిల్‌ను నీటిలో ముంచడమే తగదు, జిగురు వదిలిపోవచ్చు, రాయి రంగు మారవచ్చు. అలాంటివాటిని నల్లగొండ, మహబూబ్‌నగర్ బజార్లలో టంచ్ తీసే యంత్రం ఉన్నచోటికి తీసుకుపోవడం మేలు. ఆ యంత్రం కిరణాలతో చూసి లోహాల పాళ్లు చెబుతుంది గానీ, అది చూసేది పైపొరను మాత్రమే. మందంగా వెండి పూత వేసిన ఇత్తడిని అది వెండి అని చెప్పగలదు. కాబట్టి ముందువైపు ఒకసారి, వెనుక కొక్కెం రాపిడికి అరిగినచోట ఒకసారి చూపించమని అడగాలి. గీటురాయి మీద గీయించేటప్పుడు కూడా బొమ్మ ఉన్నవైపు కాకుండా వెనుక కడ్డీ చివరనే గీయమని ముందే చెప్పాలి. చెప్పకపోతే కంసాలి తన అలవాటు ప్రకారం అనువైన అంచు మీద గీస్తాడు, ఆ గీత ఎప్పటికీ పోదు.

ముందువైపు చెప్పే తేదీని చరిత్రతో సరిచూడటం

లోహం తేలాక ఇప్పుడు బొమ్మనూ తేదీనీ చూడవచ్చు. ఇక్కడ కొన్ని చారిత్రక వాస్తవాలు గుర్తుంటే సగం నకిలీలు మన కళ్ల ముందే రాలిపోతాయి. పంతొమ్మిదో శతాబ్దపు కౌబాయ్‌లు ప్యాంటు జారకుండా భుజాల మీదుగా పట్టీలు వేసుకున్నవారే ఎక్కువ. లీవైస్ కంపెనీ తన 501 జీన్స్‌కు బెల్టు దూర్చే కుట్లు పెట్టింది 1922లో. పెద్ద పలకలాంటి బకిల్ కౌబాయ్‌కు గుర్తుగా మారింది ముఖ్యంగా 1920ల తరువాతి హాలీవుడ్ సినిమాల వల్ల. కనుక అరచేయంత ఇత్తడి పలక మీద ‘1880’ అని ఉంటే, అది ఆ సంవత్సరాన్ని గుర్తు చేసుకోవడానికి ఎంతో తరువాత చేసిన వస్తువు అనే అనుకోవాలి.

రోడియో అనే గుర్రపు స్వారీ పోటీల్లో గెలిచినవారికి ఇచ్చే బహుమతి బకిల్ల విషయంలో తేదీలు ఇంకా పక్కాగా పనికొస్తాయి. ఆ ఆటగాళ్ల సంఘం 1936లో ‘కౌబాయ్స్ టర్టిల్ అసోసియేషన్’ పేరుతో మొదలై, 1945లో ‘రోడియో కౌబాయ్స్ అసోసియేషన్’గా, 1975లో ‘ప్రొఫెషనల్ రోడియో కౌబాయ్స్ అసోసియేషన్’ (పి.ఆర్.సి.ఎ.)గా పేరు మార్చుకుంది. కాబట్టి ‘పి.ఆర్.సి.ఎ. 1968’ అని చెక్కి ఉన్న బకిల్ 1968 నాటిది కాజాలదు. అలాగే వారి జాతీయ చివరి పోటీలు 1959లో డల్లాస్‌లో మొదలై, 1962 నుంచి 1964 వరకు లాస్ ఏంజెలెస్‌లో, 1965 నుంచి 1984 వరకు ఓక్లహోమా సిటీలో, 1985 నుంచి లాస్ వేగాస్‌లో జరుగుతూ వచ్చాయి. 2020లో మాత్రం కరోనా కారణంగా టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌కు మారాయి. ఊరు, సంవత్సరం ఈ వరుసకు పొసగకపోతే మరో మాట అనవసరం.

వెనుకవైపు సి అక్షరం చుట్టూ వృత్తం, పక్కన ఒక సంవత్సరం ఉంటే అది ఆ నమూనా మొదట బయటికి వచ్చిన ఏడాదిని చెబుతుంది. అదే అచ్చుతో తరువాత ఎన్నేళ్లయినా పోయవచ్చు కాబట్టి బకిల్ అంతకంటే పాతది కాదని మాత్రమే తేలుతుంది. కాగితపు చీటీ ఇంకా అంటుకుని ఉంటే దాన్ని పీకకూడదు. చిరునామాలో మన పిన్‌కోడ్ లాంటి ఐదంకెల జిప్ కోడ్ ఉంటే అది 1963 తరువాతిదని, బార్‌కోడ్ ఉంటే 1970ల మధ్యనుంచి ఇటువైపుదని తెలుస్తుంది. అమెరికాలోకి దిగుమతి అయ్యే సరుకు మీద తయారైన దేశం పేరు ఉండాలన్న నియమం 1890 నుంచి ఉంది. అందుకే వెనుక ఒక చిన్న జాగాలో మాత్రం ఆకురాయితో రాకిన గీతలు కనిపిస్తే, అక్కడున్న దేశం పేరును ఎవరో కావాలని చెరిపారేమో అని ఆలోచించాలి. ఇత్తడి పోత పని మన మొరాదాబాద్‌తో సహా ఎన్నోచోట్ల చక్కగా జరుగుతుంది. కాబట్టి ఇత్తడి పాతబడినట్టు కనిపించడం వయసుకు రుజువు కాదు.

1960, 70 దశకాల్లో అమెరికా, ఇంగ్లండ్ సంతల్లోకి పెద్దఎత్తున వచ్చిన ఒక నకిలీ జాతిని ప్రత్యేకంగా చెప్పాలి. టిఫనీ, వెల్స్ ఫార్గో, కోకాకోలా లాంటి పెద్ద పేర్లు పోసి, పంతొమ్మిదో శతాబ్దపు బకిల్లుగా వాటిని అమ్మారు. జనాన్ని నమ్మించడానికి పాత కాలం నాటిదన్నట్టుగా ఒక ఆధార గ్రంథాన్ని కూడా అచ్చువేసి వదిలారు. ఈ బకిల్లు బరువుగా, మందంగా, చూడటానికి ఎంతో గంభీరంగా ఉంటాయి. వాటిని సరదాగా సేకరించేవారు ఇప్పటికీ ఉన్నారు గనుక కొద్దిపాటి ధర పలుకుతాయి గానీ, వందేళ్ల నాటి వస్తువుకు ఇచ్చే ధర ఇవ్వడం శుద్ధ దండగ. పెద్ద కంపెనీ పేరు ఎంత స్పష్టంగా కనిపిస్తే అంత అనుమానించడం నేను పాటించే నియమం.

అరుగుదల కూడా సాక్ష్యమే. నిజంగా వాడిన బకిల్‌లో బొమ్మ ఎత్తయిన చోట్లు నునుపుగా అరుగుతాయి, కొక్కెం లోపలివైపు తోలు లాగుడుకు పల్లమవుతుంది, వెనుకవైపు తోలు ఆనిన చోట ఆకుపచ్చ మైనం లాంటి చిలుము పేరుకుంటుంది. రసాయనంతో పాతబరచిన దానిలో నలుపు ఎత్తు మీద, పల్లంలో ఒకేలా పరుచుకుని, కొక్కెం మాత్రం కొత్తగా మిగులుతుంది.

ఎవరు చేశారు, ఏ రాయి పొదిగారు

పాత కౌబాయ్ బకిల్ల లోకంలో అన్నిటికంటే గౌరవం పొందిన పేర్లలో ఎడ్వర్డ్ బోలిన్ ఒకటి. స్వీడన్‌లో 1895లో పుట్టి, అమెరికా చేరి, హాలీవుడ్ తారలకు జీనులు, వెండి బకిల్లు చేసిన ఆయన ముద్ర ఉన్న పని వందల డాలర్ల నుంచి వేల డాలర్ల దాకా పోతుంది. అందుకే ఆ ముద్రను నకలు చేయాలన్న ఆశ కూడా ఎక్కువే. ముద్ర ఒక్కటే చూసి ఒప్పుకోకుండా చెక్కుడు పని ఆ స్థాయిలో ఉందా అన్నది చూడాలి. ఆయన కాలంలో ప్రాచుర్యం పొందిన ‘రేంజర్’ పద్ధతిలో బకిల్, రెండు ఉంగరాల వంటి పట్టీలు, బెల్టు కొసకు తొడిగే తొడుగు కలిపి నాలుగు ముక్కల జత ఉంటుంది. నాలుగూ ఒకే చెక్కుడుతో, ఒకే ముద్రతో దొరికితే విడి బకిల్ కంటే విలువ బాగా పెరుగుతుంది. బెల్టు పాడైపోయిందని ఆ చిన్న ముక్కలను పారేయకండి.

మోంటానా సిల్వర్‌స్మిత్స్ కంపెనీ 1973లో మొదలైంది. బహుమతి బకిల్లలో అది పెద్ద పేరే గానీ, దుకాణాల్లో అమ్మే దాని మామూలు రకాలు ఇతర లోహం మీద వెండి పూత వేసినవి. హెస్టన్ అనేది కాన్సస్ రాష్ట్రంలో వ్యవసాయ యంత్రాలు చేసిన కంపెనీ. జాతీయ రోడియో పోటీల పేరుతో 1970ల మధ్యనుంచి ఏటా అది బకిల్లు విడుదల చేసింది. విస్కాన్సిన్‌లోని బెర్గమాట్ బ్రాస్ వర్క్స్, షికాగోలోని గ్రేట్ అమెరికన్ బకిల్ కంపెనీ పోత బకిల్లు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఇవన్నీ నిజమైన వస్తువులే, మోసం ఏమీ లేదు. కానీ విరివిగా దొరుకుతాయి కాబట్టి అమెరికాలో ఎక్కువ భాగం ఐదు నుంచి ఇరవై డాలర్ల మధ్యనే చేతులు మారుతుంటాయి. టెక్సాస్‌లోని కొడుకు ఇలాంటిది తెస్తే ప్రేమగా పెట్టుకోండి, బీమా చేయించవలసిన అవసరం లేదు.

అమెరికా ఆదివాసులైన నవాహో, జూనీ జాతుల కంసాలుల పని దీనికి పూర్తిగా వేరు. మందమైన వెండి పలక మీద చిన్న చిన్న ఉక్కు మొనలతో కొట్టిన అచ్చులు, నీలి ఆకుపచ్చ ఫిరోజా రాళ్లు, ఇసుకరాయి అచ్చులో పోసిన వెండి వారి గుర్తులు. వారి పాత పనిలో చాలావాటి మీద ఏ ముద్రా ఉండదు, కనుక ముద్ర లేదన్న కారణంతో తోసిపుచ్చకూడదు. రాయిని మాత్రం బాగా చూడాలి. ఫిరోజాకు బదులుగా హౌలైట్ అనే తెల్లరాయికి రంగు వేసి పెడతారు. అద్దంతో చూస్తే పగుళ్ల వెంట రంగు చిక్కగా దిగి ఉంటుంది. ప్లాస్టిక్ అయితే తాకినప్పుడు రాయి చల్లదనం ఉండదు. వేడి సూది గుచ్చే పరీక్ష గురించి కొందరు చెబుతారు, అది నిజమైన రాయిని కూడా పాడుచేస్తుంది కాబట్టి చేయకూడదు. ఫిరోజాను హైదరాబాద్ పాతబస్తీలో రాళ్ల వ్యాపారులు తరతరాలుగా చూస్తున్నారు. అనుమానం తీరకపోతే వారికి చూపించడం మేలు.

విలువ కట్టే ముందు తోమవద్దు

దక్షిణ తెలంగాణలో ఏ ఇంట్లోనైనా ఇత్తడి వస్తువు నల్లబడిందంటే చింతపండు, బూడిద, పీతాంబరి బయటికి వస్తాయి. చెంబులకూ దీపపు కుందులకూ అది సరైన పద్ధతే, బకిల్‌కు మాత్రం అది హాని. చెక్కుడు పల్లాల్లో నిలిచిన నలుపు వల్లనే బొమ్మకు లోతు కనిపిస్తుంది, కొన్నిటిలో తయారీదారే దాన్ని కావాలని వేస్తాడు. పులుపుతో, పొడితో తోమితే ఆ నలుపు పోయి, సన్నని ముద్రలు అరిగి, పూత ఉన్నది కాస్తా లేచిపోతుంది. సేకరించేవారు అద్దంలా తోమిన బకిల్‌కు తక్కువ ఇస్తారు. దుమ్ము ఉంటే మెత్తని పొడి నూలు గుడ్డ చాలు. తోలు వల్ల పేరుకున్న ఆకుపచ్చ చిలుమును వెదురు పుల్ల మొనతో మెల్లగా గీకవచ్చు. దాచేటప్పుడు రబ్బరు బ్యాండ్లు చుట్టకూడదు, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. ఉన్ని గుడ్డ వల్లా అదే ఇబ్బంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు కూడా ఏళ్ల తరబడి మంచివి కావు. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి పెట్టడం అన్నిటికంటే క్షేమం.

ఇప్పుడు విలువ. మొదట లోహపు అడుగు ధర తేల్చుకోవాలి. మొత్తంగా స్టెర్లింగ్ అయిన 72 గ్రాముల బకిల్‌లో 66.6 గ్రాముల అసలు వెండి ఉంటుంది. దాన్ని అమ్మే రోజున్న వెండి ధరతో హెచ్చిస్తే వచ్చేది దాని కనీస విలువ. దుకాణదారు కరిగించే ఖర్చు, తరుగు తీసివేసి అంతకంటే కొంత తక్కువ ఇవ్వజూపుతాడు, అది వ్యాపార ధర్మమే. ఇత్తడి, జర్మన్ సిల్వర్, జింకు బకిల్లకు లోహపు విలువ లెక్కలోకి తీసుకోదగినంత ఉండదు. ఆ అడుగు ధర పైన చేర్చవలసినవి చేతిపని, తయారీదారు ముద్ర, అరుదుదనం, స్థితి, చరిత్ర. వీటిలో చరిత్రను మనవాళ్లు తక్కువగా అంచనా వేస్తారు. ఒక రోడియో విజేత పేరు, పోటీ, ఊరు, సంవత్సరం చెక్కి ఉండి, ఆ వివరాలు అక్కడి పాత పత్రికలతో సరిపోతే ఒక సాదా బకిల్‌కు కూడా కొనేవారు పోటీపడతారు. చిన్న ఊరి పశువుల సంతలో, బడి పిల్లల పోటీలో ఇచ్చినదైతే ఆ ప్రాంతం వారికి తప్ప ఇతరులకు ఆసక్తి ఉండదు.

ధర తెలుసుకోవడానికి ఈబేలో చూసేవారు చాలామంది అమ్మేవాడు అడుగుతున్న ధరను చూసి మురిసిపోతారు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. వడపోతలో ‘అమ్ముడైనవి’ అన్నదాన్ని ఎంచుకుని, అదే తయారీదారు, అదే లోహం, అదే స్థితి ఉన్నవి నాలుగైదు చూసి, మరీ ఎక్కువ, మరీ తక్కువ వదిలేసి మధ్య ధరను పట్టుకోవాలి. దాని నుంచి అమెరికాకు పంపే తపాలా ఖర్చు, అమ్మకపు రుసుము తీసేస్తే మన చేతికి వచ్చేది తెలుస్తుంది. చౌక ఇత్తడి బకిల్ల విషయంలో తపాలా ఖర్చే ధరను మించుతుంది. అలాంటివాటిని హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో గురువారం నాడు పాత వస్తువుల వ్యాపారులకు చూపడమో, ఇంట్లోనే ఉంచుకోవడమో తెలివైన పని. మంచి వెండి చేతిపని అయితే టెక్సాస్‌కు తిరిగి వెళ్తున్న బంధువుతో పంపి, అక్కడే వేలం సంస్థకు చూపించడం లాభదాయకం. అమ్మకానికి పెట్టే ఫోటోల్లో ముందువైపు ఒకటి చాలు. వెనుకవైపు, ముద్ర దగ్గరగా, కొక్కెం, అంచు మందం, త్రాసు మీద బరువు విడివిడిగా చూపితే కొనేవారి నమ్మకం పెరుగుతుంది.

ఇలా వెతుకుతున్నప్పుడు అదే డబ్బాలో కౌబాయ్‌కు సంబంధం లేని ఇత్తడి పలకలు కూడా బయటపడతాయి. గద్వాల, వనపర్తి వంటి సంస్థానాలున్న ఈ నేలలో, నిజాం కాలపు సైన్యంలోనో పోలీసులోనో పనిచేసిన తాతల బెల్టు పలకలు, బంట్రోతులు పట్టీకి తగిలించుకున్న బిళ్లలు అవి. వాటి మీద ఉర్దూ లిపిలో సంవత్సరం ఉంటే, దాన్ని హిజ్రీ అని వెంటనే లెక్కకట్టవద్దు. హైదరాబాద్ రాజ్య పాలనలో ఫసలీ సంవత్సరం నడిచేది, దానికి 590 కలిపితే సుమారుగా మన లెక్క వస్తుంది. 1340 అన్న అంకె హిజ్రీ అయితే 1921-22, ఫసలీ అయితే 1930-31. ఈ తేడాకు చట్టపరమైన ప్రాధాన్యం కూడా ఉంది. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువులను సొంతంగా విదేశాలకు పంపడం నేరం. వందేళ్ల లోపుదేనన్న నిర్ధారణ కావాలంటే భారత పురావస్తు శాఖ ద్వారా పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవచ్చు. పాలమూరులోని పిల్లలమర్రి మ్యూజియంలో, నల్లగొండ పక్కన పానగల్ మ్యూజియంలో పనిచేసేవారికి అలాంటి పలకను చూపించి, తాత ఏ ఊళ్లో ఏ పనిలో ఉన్నారో ఒక కాగితం మీద రాసి దానితోపాటు ఉంచండి. అమెరికా బకిల్లతో కలిపి బంధువు సామానులో మాత్రం పెట్టకండి.